ఆలుగడ్డ నిల్వ: పాలమూరు, నల్లగొండ మెట్ట ఊళ్లలో

సొంతంగా పండించిన ఆలుగడ్డలను తవ్విన తర్వాత కుళ్ళకుండా, మొలకెత్తకుండా, పచ్చబారకుండా, ముడతలు పడకుండా వంటకు పనికొచ్చేలా ఉంచుకోవడం ఇక్కడి విషయం. ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల్లో ఆలుగడ్డ పెద్ద పంట కాదు. బాయి గట్టునో, బోరు కింద కూరగాయల మడిలోనో, ఇంటి వెనుక పెరట్లోనో కొన్ని సాళ్లు వేసుకునేవారే ఎక్కువ. ఆ కొద్ది పంట జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేతికొస్తుంది. సరిగా దాచితే ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుంది. సంక్రాంతికి తవ్వినది ఉగాది దగ్గర పడేదాకా తినవచ్చు. ఆ తర్వాత ఏ ఉపాయం చేసినా కొన్ని రోజులు కలిసొస్తాయి తప్ప నెలలు కలిసిరావు.

పంట దాచడం ఈ ఊళ్లకు కొత్త కాదు. జొన్నలు, కందులు, ఉలవలు కరువు ఏడాదికని దాచిపెట్టుకున్న ఇళ్లు ఇవి. కానీ ఆ విద్యంతా ఎండిన గింజ కోసం పుట్టింది. గింజను గాలి తగలకుండా మూసిపెడితే ఏడాది గడుస్తుంది. గడ్డను అట్లాగే మూసిపెడితే నెల తిరక్కుండానే కుళ్ళుతుంది. ఆలుగడ్డను బస్తాలో కుక్కి, మూతి కుట్టి, గదిలో ఓ మూలకు తోసే అలవాటు ఆ గింజ విద్య నుంచి వచ్చిందే. ఇక్కడి ఇళ్లలో ఆలుగడ్డ చెడిపోవడానికి ఎండ ఎంత కారణమో ఈ అలవాటూ అంతే కారణం.

నేల, ఎండ, చలి

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. 2019లో నారాయణపేట తోడైంది. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. ఎక్కువ భాగం ఎర్ర చల్క, దుబ్బ నేలలు. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనూ, మరికొన్ని చోట్లా నల్లరేగడి ఉంది. ఏడాది వాన చాలా చోట్ల 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్య కురుస్తుంది. జనవరి రాత్రులు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడతాయి, పగలు 30 దగ్గర ఉంటుంది. మే నెల పగళ్లు 40 దాటడం మామూలే. నల్లగొండ, సూర్యాపేట వైపు కొన్నేళ్లు 45 కూడా దాటుతుంది.

ఆలుగడ్డ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. చల్లటి రాత్రులు లేకపోతే ఈ మొక్క గడ్డ కట్టదు. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటే బాగా ఊరుతుంది, అంతకు పెరుగుతున్నకొద్దీ ఆకు పెరిగి గడ్డ తగ్గుతుంది. అందుకే ఇక్కడ అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు దాకా నాటి, 90 నుంచి 100 రోజులకు తవ్వేస్తారు. తెలంగాణలో ఆలుగడ్డకు పేరున్నది సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతం. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున్న ఆ పీఠభూమిలో రాత్రుళ్లు ఇంకొంచెం చల్లగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలు పలమనేరు, పుంగనూరు, వి.కోటలలోనూ, వాటికి ఆనుకుని కర్ణాటకలో తెలుగువారు ఎక్కువగా ఉండే కోలారు, చిక్కబళ్లాపురం వైపునా ఈ పంట ఉంది. ఆ ప్రాంతాల్లో గడ్డ తవ్వగానే మార్కెట్‌కు పోతుంది కనుక నిల్వ రైతుకు పెద్ద సమస్య కాదు. పాలమూరులో నాలుగు సాళ్లు వేసుకున్న ఇంటికే అది సమస్య. అమ్మడానికి చాలదు, ఒక్క వారంలో తినడానికి ఎక్కువ.

గింజ దాచిన పద్ధతులు

ఆలుగడ్డ సంగతి తెలియాలంటే జొన్న సంగతి ముందు చూడాలి. నీరు ఊరని ఎత్తు నేల చూసి గుంత తవ్వి, అడుగునా పక్కలా జొన్న చొప్ప లేదా గడ్డి దట్టంగా పేర్చి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి, దాని మీద మట్టి కప్పి మెత్తేవారు. అదే పాతర. లోపల మిగిలిన కాస్త గాలిలోని ప్రాణవాయువును గింజలూ పురుగులూ కలిసి వాడేసుకుంటాయి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, పురుగు చస్తుంది. గింజలో తేమ 10, 12 శాతమే కాబట్టి అది దాదాపు నిద్రలో ఉంటుంది, దానికి గాలితో పెద్ద పని లేదు. పాతర మూత తీయగానే ఎవరూ దిగేవారు కాదు. కాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి అది ఆరిపోకుండా వెలిగితేనే దిగేవారు. ప్రాణవాయువు లేని గుంతలో దిగి మనుషులు స్పృహ తప్పి చనిపోయే ప్రమాదం ఉంది మరి.

ఇంటి లోపల వెదురు బద్దలతో అల్లి పేడా మట్టీ మెత్తిన గుమ్ములు, మట్టి కాగులు, గరిసెలు ఉండేవి. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, పెసర్లకూ ఉలవలకూ బూడిద కలపడం, సంచుల మధ్య వేపాకు వేయడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం జొన్న, ఆముదం వంటి మెట్ట పంటల మీదే పేరు తెచ్చుకుంది. ఊరి అనుభవమూ, శాస్త్రమూ రెండూ ఇక్కడ ఎండు గింజ చుట్టూనే పెరిగాయి.

ఆలుగడ్డలో 80 శాతం దాకా నీరే. తవ్విన తర్వాత కూడా అది బతికే ఉంటుంది, గాలి పీలుస్తుంది, లోపలి పిండిపదార్థాన్ని కొద్దికొద్దిగా ఖర్చు చేస్తూ వేడినీ తేమనూ బయటికి వదులుతుంది. 5 డిగ్రీల దగ్గర ఈ శ్వాస అతి తక్కువ. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, 10 డిగ్రీలు హెచ్చితే సుమారు రెట్టింపు అవుతుంది. కుప్ప మధ్యలో ఉన్న గడ్డల వేడి బయటికి పోకపోతే అవి ఇంకా వేడెక్కి ఇంకా గట్టిగా పీలుస్తాయి. 35, 40 డిగ్రీల వేడిలో గాలి చాలకపోతే గడ్డ నడిబొడ్డు ఊపిరాడక నల్లబడుతుంది. బయటికి బాగానే కనబడి, కోస్తే లోపల నల్లగా ఉండే గడ్డలు ఇవే. ఇది తెగులు కాదు, పక్క గడ్డకు అంటదు.

ఐరోపాలో రైతులు చలికాలమంతా ఆలుగడ్డను నేలమాళిగల్లో, గడ్డీ మట్టీ కప్పిన కుప్పల్లో దాచేవారు. అది చదివి ఇక్కడ కూడా గుంత తవ్వి దాచవచ్చనుకోవడం సహజం, పాతర తెలిసినవారికి మరీను. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లండులో ఆ సగటు 10 డిగ్రీల దరిదాపుల్లో, మహబూబ్‌నగర్‌లో 26, 27 డిగ్రీల్లో ఉంది. మే నెల ఎండకన్నా అది చల్లనే, కానీ ఆలుగడ్డకు అది నిద్ర లేచే వేడి. పైగా గుంతలో గాలి ఆడదు. జొన్నకు పాతర ఎంత మంచిదో ఆలుగడ్డకు అంత చెడ్డది.

తవ్వకం

నిల్వ ఎన్నాళ్లన్నది తవ్వకానికి రెండు వారాల ముందే సగం తేలిపోతుంది. ఆకులు పండుబారడం మొదలవగానే నీరు ఆపాలి. తవ్వడానికి 10 నుంచి 15 రోజుల ముందు తడులు బంద్ పెట్టి, మొక్కలను నేల మట్టానికి కోసేస్తే గడ్డ తొక్క గట్టిపడుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్దితే తొక్క ఊడకపోతే తవ్వవచ్చు. ఊడివస్తుంటే ఇంకో వారం ఆగాలి. లేత తొక్కతో తవ్విన గడ్డ ఎక్కడ పెట్టినా నిలవదు, దాన్ని ముందు వండుకోవడమే మేలు.

కొందరు అవసరమైనప్పుడల్లా తవ్వుకుందామని గడ్డను నేలలోనే వదిలేస్తారు. జనవరిలో రెండు వారాలు ఇలా నడుస్తుంది. ఫిబ్రవరి చివరికి చల్క నేల పైపొర కాగుతుంది, ఆరి పగుళ్లిస్తుంది, గడ్డను తొలిచే పురుగుకు తల్లి అయిన ఆలుగడ్డ చిమ్మట ఆ పగుళ్లలోంచి గడ్డ దాకా దిగుతుంది. నేలను గిడ్డంగిగా వాడుకోవడం ఇక్కడ కుదరదు.

తవ్వకం ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడు చేయాలి. గడ్డపార కన్నా పళ్లున్న పార లాంటి పనిముట్టు నయం, సాలుకు ఓ పక్క నుంచి లోతుగా దించి ఎత్తితే గడ్డ తెగదు. తెగినవి, గీసుకుపోయినవి, పురుగు తొలిచినవి అక్కడే వేరు చేయాలి. మట్టిని చేత్తో దులపాలి తప్ప కడగకూడదు. కడిగిన గడ్డ మీద మిగిలే పల్చని తడిపొరలోనే కుళ్ళు బాక్టీరియా తొలి మకాం వేస్తుంది. ఎండలో గంటల తరబడి ఆరబెట్టకూడదు, సాయంత్రం దాటాక పొలంలో వదిలేయకూడదు. చిమ్మట చీకటి పడ్డాకే గుడ్లు పెడుతుంది. కోసిపడేసిన ఆలుగడ్డ మొక్కలనే కుప్ప మీద కప్పడం చాలామంది చేసే పని. ఆ ఆకుల్లోని పురుగులు నేరుగా గడ్డల్లోకి దిగుతాయి. వరిగడ్డి కప్పాలి.

తవ్విన గడ్డను 10 నుంచి 15 రోజులు నీడలో, గాలి తగిలేచోట, గడ్డి కప్పి ఉంచితే గాయాలు మానుతాయి. గాయం మీద బెండు వంటి కొత్త పొర కట్టి తేమను పోనివ్వదు, శిలీంధ్రాన్ని లోపలికి రానివ్వదు. 15 నుంచి 25 డిగ్రీల మధ్య, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఈ పొర త్వరగా కడుతుంది. 35 దాటితే సరిగా కట్టదు. జనవరి, ఫిబ్రవరి మొదటి వారాల వాతావరణం దీనికి అచ్చంగా సరిపోతుంది. నాట్లు ఆలస్యమై మార్చిలో తవ్వినవారికి ఈ అవకాశం ఉండదు.

ఇంట్లో చోటు

పాత మట్టిగోడల మిద్దె ఉన్న ఇంటికి ఇక్కడ ఒక లాభం ఉంది. మందపు గోడ, మట్టి కప్పు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతాయి, నడిమి గది మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది. స్లాబు ఇంట్లో పగలంతా కాగిన కప్పు రాత్రంతా వేడిని కిందికి వదులుతుంది. స్లాబు కింది అటుక మీద సామాను దాచుకునే అలవాటు ఎంత ఉన్నా ఆలుగడ్డ మాత్రం అక్కడికి ఎక్కకూడదు. రేకుల కొట్టం సంగతి చెప్పనక్కరలేదు. ఉత్తరపు గోడ పక్కన, పొయ్యికి దూరంగా, వెలుతురు పడని మూల ఉన్నంతలో మంచిది. తలుపు సందు, గోడ పైభాగాన చిన్న కిటికీ ఉంటే గాలి నడుస్తుంది. కిటికీని పగలు మూసి రాత్రి తెరిస్తే గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఫిబ్రవరిలో ఆ రెండు మూడు డిగ్రీలకే వారం పది రోజులు కలిసొస్తాయి.

నులక మంచం ఇందుకు బాగా పనికొస్తుంది. నేలకు ఎత్తుగా ఉంటుంది, అల్లికలోంచి కింది గాలి పైకి పోతుంది. దాని మీద పల్చగా వరిగడ్డి పరిచి గడ్డలను జానెడు ఎత్తు మించకుండా పోసి, పైన గోనెపట్టా కప్పితే వెలుతురు పడదు, గాలి ఆగదు. మంచం లేకపోతే వెదురు గంపలు, తట్టలు. టమాట రైతులు వాడే ప్లాస్టిక్ క్రేట్లు కూడా నయమే, నలువైపులా కంతలు ఉంటాయి కాబట్టి. పనికిరానివి రెండు. ఒకటి యూరియా సంచి వంటి దట్టమైన ప్లాస్టిక్ సంచి, రెండు మూత పెట్టిన డబ్బా. గడ్డ వదిలిన తేమ అందులో చెమటలా పట్టి రెండు వారాల్లో కుళ్ళు మొదలవుతుంది. జాలీ సంచిలో గాలి ఆడుతుంది కానీ వెలుతురు పడుతుంది, దాన్ని చీకట్లో వేలాడదీయాలి.

పొడి ఇసుకలో పొరలు పొరలుగా పూడ్చిపెట్టే పద్ధతి కూడా ఉంది. చిమ్మట రాదు, వెలుతురు పడదు. కానీ ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది, లోపలి గడ్డ కుళ్ళిందో లేదో తెలియదు. ఐదారు కిలోలకు పరవాలేదు, బస్తాలకు కాదు.

ఎక్కువ గడ్డ ఉన్న రైతుకు సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ చెప్పేది చెట్టునీడ కుప్ప. ఈ సంస్థ 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారింది. మధ్య భారతంలోని మాల్వా వంటి ప్రాంతాల్లో రైతులు ఎప్పటినుంచో వాడుతున్న కుప్ప, గుంత పద్ధతులను పరిశీలించి వాటిని మెరుగుపరిచింది. దట్టమైన నీడలో మీటరు ఎత్తు దాటని కుప్ప పోసి, మధ్యలో కంతలు పెట్టిన పైపులు నిలబెట్టి, పైన జానెడు మందాన గడ్డి కప్పాలి. పైపులు కుప్ప లోపలి వేడిగాలిని బయటికి లాగుతాయి. పాలమూరులో చింత, వేప, కానుగ నీడకు కొదవ లేదు. అయితే ఈ కుప్ప కూడా మార్చి దాటనివ్వదు.

ఎక్కడ పెట్టినా వారానికి ఒకసారి గడ్డలను చేత్తో తిరగేయాలి. కుళ్ళిన గడ్డను కన్ను కన్నా ముందు ముక్కు పట్టిస్తుంది. ఒక్కటి చీమిడి కారితే దాని కింది నాలుగూ వారంలో పోతాయి.

పచ్చబడటం, మొలక, పురుగు

వెలుతురు తగిలితే ఆలుగడ్డ తొక్క కింద పత్రహరితం పుట్టి పచ్చబడుతుంది. ఆ పచ్చదనం హాని చేయదు. కానీ అదే వెలుతురుకు సొలనిన్, చాకొనిన్ అనే చేదు విషాలు కూడా పెరుగుతాయి, పచ్చ రంగు వాటికి గుర్తు. వంద గ్రాముల పచ్చి గడ్డలో ఇవి 20 మిల్లీగ్రాములు మించకూడదని లెక్క. ఉడికించినా వేయించినా ఇవి పోవు. కాస్త పచ్చబారితే తొక్క మందంగా చెక్కి తీసేయవచ్చు. గడ్డ అంతా పచ్చబడితే, నాలుకకు చేదు తగిలితే పారేయాలి, పశువుకూ పెట్టకూడదు. వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు దీని లక్షణాలు. మొలకల్లో ఈ విషం మరీ ఎక్కువ. గడ్డ గట్టిగా ఉండి చిన్న మొలకలే వస్తే వాటిని కండ్లతో సహా లోతుగా తీసేసి వండుకోవచ్చు. వడలి ముడతలు పడ్డాక వద్దు.

తవ్విన వెంటనే ఆలుగడ్డ మొలకెత్తదు. రకాన్ని బట్టి ఆరు వారాల నుంచి పది వారాల దాకా దానికి సహజమైన నిద్ర ఉంటుంది, వేడి ఆ నిద్రను తగ్గిస్తుంది. 1967లో విడుదలైన ఎర్ర తొక్క కుఫ్రీ సింధూరి ఎక్కువ కాలం నిలిచే రకంగా పేరు పొందింది, కానీ పంటకాలం ఎక్కువ. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి 1968 నాటివి. దక్కన్ పీఠభూమికని 1972లో వచ్చింది కుఫ్రీ లవ్‌కర్. వేడిని తట్టుకుని గడ్డ కట్టే కుఫ్రీ సూర్య 2006లో వచ్చింది. సూర్య వేడి తట్టుకునేది పొలంలోనే. పంట ముగిశాక దాని గడ్డకూ చల్లని చోటే కావాలి.

చిమ్మట గడ్డ కంటి దగ్గర గుడ్డు పెడుతుంది, అందులోంచి వచ్చిన పురుగు లోపల సొరంగాలు తొలుస్తుంది, కంటి చుట్టూ నల్లటి రెట్ట కనబడుతుంది. మొక్కల మొదళ్లకు మట్టిని బాగా ఎగదోసి గడ్డ బయటపడకుండా చూడటం మొదటి రక్షణ. నిల్వలో గడ్డల కిందా పైనా పొరగా ఎండిన లంటానా లేదా నీలగిరి ఆకు పరిస్తే పురుగు బాగా తగ్గుతుంది. లంటానా బీడు భూముల్లో, రోడ్ల పక్కన ఎక్కడపడితే అక్కడ పెరిగే కంప, కొని తేనక్కరలేదు. దాని ఆకు తింటే పశువులకు ప్రమాదం కాబట్టి వాడాక దొడ్లో పారేయకూడదు. గింజల్లో కలిపే పురుగుమందు గుళికలను ఆలుగడ్డల పక్కన పెట్టడం కొన్నిచోట్ల చూస్తాం. అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళిక ఇంటి గదిలో మనుషులనే చంపగలదు.

ఉల్లిగడ్డ, తక్కిన గడ్డలు

పాలమూరులో నిజంగా గడ్డ నిల్వ అనుభవం ఉన్నది ఉల్లి రైతులకు. దేవరకద్ర మార్కెట్ ఉల్లికి పేరున్నది. నది దాటితే కర్నూలు మార్కెట్ ఇంకా పెద్దది. నడిగడ్డ రైతులు ధరను చూసి ఇటో అటో తోలుతారు. ఉల్లిగడ్డ కూడా బతికే గడ్డే, దానికీ గాలి కావాలి. కానీ తేమ విషయంలో ఆలుగడ్డకు పూర్తిగా విరుద్ధం. ఆలుగడ్డకు 90 శాతం గాలితేమ హాయి, ఉల్లికి 65, 70 మించితే వేళ్లూ బూజూ వస్తాయి. ఉల్లి 25 నుంచి 30 డిగ్రీల వేడిలో కూడా మొలకెత్తకుండా నెలల తరబడి ఉండగలదు. రెండింటినీ ఒకే గంపలో పోసే ఇళ్లలో ఏదో ఒకటి ముందుగా చెడుతుంది.

యాసంగిలో వేసి మార్చి, ఏప్రిల్‌లో పీకిన ఉల్లి నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. వానాకాలం ఉల్లి నీరు పట్టి ఉంటుంది, మెడ మందంగా ఉంటుంది, నిలవదు. పీకాక ఆకుతోనే మూడు నాలుగు రోజులు పొలంలో, ఒకదాని ఆకు ఇంకోదాని గడ్డను కప్పేలా వరుసలుగా పరిచి ఆరబెట్టి, రెండు సెంటీమీటర్ల మెడ వదిలి ఆకు కోసి, మళ్లీ వారం పది రోజులు నీడలో ఆరనిస్తారు. మెడ సరిగా ఆరకపోతే కుళ్ళు అక్కడినుంచే దిగుతుంది. నేలకు అడుగున్నర, రెండడుగుల ఎత్తున వెదురు అట్టె, రెండు పక్కలా సందులున్న గోడలు, పైన గడ్డి కప్పు ఉన్న షెడ్డు ఉల్లికి తగినది. 2014 నాటి కేంద్ర ఉద్యాన మిషన్ మార్గదర్శకాల్లో 25 టన్నుల ఉల్లి షెడ్డుకు 1.75 లక్షల రూపాయలు లెక్కగట్టి, అందులో సగం రాయితీగా పెట్టారు. మే ఎండలో ఉల్లి బరువు తగ్గుతుంది కానీ కుళ్ళదు. జూన్‌లో వానలు పడి గాలి తడిసినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది.

ఎల్లిగడ్డను ఆకుతోనే జడలల్లి వేలాడదీస్తే చాలు. శివరాత్రికి ఉడకబెట్టుకునే కందగడ్డకు చలి పడదు. 12 డిగ్రీల కింద ఉంచితే లోపల గట్టిపడి ఉడకదు, కనుక ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చేమగడ్డ నీడలో పొడిగా ఉంటే చాలు.

నీళ్లతో చల్లబరచడం

ఈ ప్రాంతపు ఎండ పొడి ఎండ. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడి ఆరే చోట ఉష్ణోగ్రత సిద్ధాంతరీత్యా 24 దాకా దిగగలదు. మట్టి రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ కారణంతోనే. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లో ఇదే సూత్రంతో కరెంటు అక్కరలేని చల్లని గదిని రూపొందించింది. ఇటుకలతో రెండు గోడలు, వాటి మధ్య మూడు అంగుళాల సందులో ఇసుక, పైన గడ్డి లేదా తడిపిన గోనెపట్టా మూత, పొద్దునా సాయంత్రం నీళ్లు. పొడి వేసవిలో బయటికన్నా లోపల 10 నుంచి 15 డిగ్రీలు తక్కువ, గాలితేమ 90 శాతం. ఆలుగడ్డకు రెండూ అనుకూలమే. ఉల్లిని మాత్రం ఇందులో పెట్టకూడదు.

ఇందులో ఇబ్బంది నీళ్లు. గది సైజును బట్టి రోజుకు కొన్ని బిందెల నీళ్లు పోయాలి. ఏప్రిల్‌లో బోర్లు వట్టిపోయే ఊళ్లో పది కిలోల ఆలుగడ్డ కోసం రెండు నెలలపాటు నీళ్లు పోయడం లెక్కకు నిలవదు. పెరట్లో స్నానాల గది నీళ్లు పారే దారి పక్కన కట్టుకుంటే కొంత కలిసొస్తుంది. 24, 25 డిగ్రీల్లో కూడా నిద్ర తీరిన గడ్డ మొలకెత్తుతుంది. మొలకను ఈ గది ఆపలేదు, వడలడాన్నీ నల్లబడటాన్నీ ఆపుతుంది.

ఫ్రిజ్, కోల్డ్ స్టోరేజి, విత్తనం

ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటుంది. మొలక రాదు, కానీ 10 డిగ్రీల కింద ఆలుగడ్డ తన పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. అందుకే ఫ్రిజ్ గడ్డ కూర తియ్యగా ఉంటుంది, వేపుడు నల్లగా మాడుతుంది. అలా మాడినప్పుడు ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఎక్కువ పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఫ్రిజ్‌లో ఉంచక తప్పకపోతే ఆ గడ్డను ఉడకబెట్టి వండుకోవాలి, లేదా బయటపెట్టి రెండు వారాలు ఆగితే చక్కెర చాలావరకు తగ్గుతుంది.

మే నుంచి డిసెంబరు దాకా నల్లగొండ సంతలో దొరికే ఆలుగడ్డలో ఎక్కువ భాగం ఉత్తరాది కోల్డ్ స్టోరేజిలదే. ఫిబ్రవరి, మార్చిలో తవ్విన ఆగ్రా గడ్డ 2 నుంచి 4 డిగ్రీల గిడ్డంగుల్లో నెలల తరబడి ఉండి, లారీల్లో హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి జిల్లాలకు వస్తుంది. దేశంలోని శీతల గిడ్డంగుల సామర్థ్యంలో పెద్ద వాటా ఆలుగడ్డదే. కొన్ని గిడ్డంగుల్లో 10, 12 డిగ్రీల్లో ఉంచి మొలక రాకుండా క్లోర్‌ప్రొఫామ్ పొగ పడతారు. చక్కెర పెరగదు కాబట్టి చిప్స్ కంపెనీలకు ఆ గడ్డే కావాలి. ఐరోపా సమాఖ్య 2019లో ఈ మందుకు అనుమతి పొడిగించలేదు.

ఇంటి గడ్డను విత్తనానికి దాచుకోవడం ఇక్కడ దాదాపు అసాధ్యం. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా ఎనిమిది నెలలు, మధ్యలో నడి ఎండాకాలం. ఎట్లాగో దాచినా, పేనుబంక మోసుకొచ్చే వైరస్‌లు గడ్డలో తరం తరానికీ పోగై దిగుబడి పడిపోతుంది. పేనుబంక తక్కువగా ఉండే శీతాకాలంలో ఉత్తరాది మైదానాల్లో విత్తనం పండించే పద్ధతిని సిమ్లా సంస్థ రూపొందించాకే దేశమంతటికీ నమ్మకమైన విత్తనం అందింది. జహీరాబాద్ రైతు కూడా ఏటా కొత్త విత్తనమే తెచ్చుకుంటాడు. గిడ్డంగి నుంచి తెచ్చిన విత్తనాన్ని నేరుగా నాటకుండా పది రోజులు పల్చని వెలుతురులో పరిస్తే పొట్టిగా, బలంగా మొలకలొస్తాయి. తినే గడ్డకు పనికిరాని వెలుతురు విత్తనపు గడ్డకు మేలు చేస్తుంది.

ఎండబెట్టడం

మార్చి నెలాఖరుకు మిగిలిన గడ్డను గడ్డగా కాపాడాలనుకోవడం కన్నా ఎండబెట్టడం తెలివైన పని. ఆండీస్ ఎత్తుల్లో రైతులు రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి చునో అనే పదార్థం చేస్తారు, అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. పాలమూరులో మంచు లేదు, ఎండ ఉంది. వంకాయ, కాకర, చిక్కుడు ఒరుగులు పెట్టుకునే చేతికి ఆలుగడ్డ చిప్స్ కొత్త పని కాదు. పల్చగా చక్రాలుగా తరిగి, నల్లబడకుండా వెంటనే ఉప్పునీళ్లలో వేసి, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, నూలు గుడ్డ మీద ఒకదానికొకటి అంటకుండా పరిస్తే మార్చి, ఏప్రిల్ ఎండకు రెండు రోజుల్లో గలగలలాడతాయి. ఉడికించి మెదిపి జీలకర్ర, కారం కలిపి అప్పడాలు, వడియాలు కూడా పెడతారు. విరిస్తే టక్కుమని విరగాలి, వంగితే ఇంకో రోజు ఎండాలి. తడి ఇగిరిపోయాక ఆలుగడ్డకు కూడా గింజ నియమమే వర్తిస్తుంది. గాలి తగిలితే మెత్తబడి బూజు పడుతుంది కాబట్టి మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి, వానాకాలమంతా మూత తీసిన ప్రతిసారీ వెంటనే మూసేయాలి.